అన్నట్టు మావయ్య

మావయ్య రెండు చేతులూ కుట్టుమిషను కడుపులో ఉన్నాయి. ఒక చేతిలో టార్చిలైటు, రెండో చేతిలో సన్న స్క్రూడ్రైవరు. ఫోను రిసీవరు చెవికీ భుజానికీ మధ్య ఇరుక్కుని ఉంది.

"సరేనండి టీచరుగారూ, ఉంటాను మరి," అన్నాడు.

కాఫీ గ్లాసుతో మెట్ల మీద నిలబడ్డ మేనకోడలు కదల్లేదు. ఆ మాట నమ్మి గ్లాసు అందించే రోజులు ఎప్పుడో పోయాయి.

"అన్నట్టు టీచరుగారూ, మిషను తొక్కుతుంటే మోకాలు కలుక్కుమంటోందన్నారే, అది ఎడమదా, కుడిదా?"

మేనకోడలు మెట్టు మీద కూర్చుని ఆ కాఫీ తనే తాగేసింది.

మావయ్యకి ఉన్న లోపం ఇదొక్కటే. ఆయనకి ఫోను పెట్టెయ్యడం రాదు. కుట్టుమిషను, గోడగడియారం, కుళాయి, గొడుగు, ఏదైనా సరే విప్పి మళ్ళీ బిగించడం ఎవరూ నేర్పకుండానే వచ్చింది. మాటని బిగించి ముగించడం మాత్రం పట్టుబడలేదు. 'ఉంటాను మరి' అంటాడు. ఒక ఊపిరి తీసుకుంటాడు. 'అన్నట్టు' అంటాడు. అక్కణ్ణించి కొత్త కథ. పరాయిదేశం వెళ్ళిన కొత్తలో అందరూ ముందు 'నీళ్ళు', 'అద్దె', 'దారి ఎటు' అనే మాటలు నేర్చుకుంటే, మావయ్య ముందుగా 'అన్నట్టు'కి ఆ భాషలో ఏమంటారో కనుక్కున్నాడట. చుట్టాలందరికీ ఆయన అన్నట్టు మావయ్యే.

"పెళ్ళిచూపులయ్యాక ఒకసారి ఫోను చేశారు," అనేది అత్తయ్య. "ఉంటానన్నారు. ఇదిగో, ఇప్పటిదాకా ఉన్నారు."

ఒకసారి ఎవరో పెద్దమనిషి పళ్ళ డాక్టరుకి చెయ్యబోయి పొరపాటున మావయ్య షాపుకి చేశాడు. ఇది కుట్టుమిషన్ల షాపండీ అని చెప్పి ఊరుకోవచ్చు. మావయ్య ఊరుకోలేదు. "అన్నట్టు, ఏ పన్నండీ?" అని అడిగాడు. ఆ పెద్దమనిషి పన్ను పీకించుకున్నాక ఆ సంగతి చెప్పడానికి మళ్ళీ ఫోను చేశాడు. ఈసారి పొరపాటున కాదు.

మేనకోడలు ఉద్యోగానికని ఆ దేశం వచ్చి, షాపు మీది వాటాలో మావయ్యావాళ్ళతో ఉంటున్న ఏడాదే లోకమంతా జబ్బున పడింది. వీధులు ఖాళీ అయ్యాయి. బస్సులు డ్రైవరుని మాత్రం ఎక్కించుకుని తిరిగేవి. బయటికి వెళ్ళాలంటే కాగితం ఉండాలన్నారు. కాగితం ప్రింటు తీయించాలంటే ప్రింటు షాపుకి వెళ్ళాలి. ప్రింటు షాపుకి వెళ్ళాలంటే కాగితం ఉండాలి.

"ఇది రాసినవాళ్ళు ఇంట్లోంచి కదలకుండానే రాసుంటారు," అంది అత్తయ్య.

తెరవదగ్గ షాపులంటూ టీవీలో ఒక జాబితా చదివారు. సైకిళ్ళు ఉన్నాయి, కళ్ళజోళ్ళు ఉన్నాయి, బట్టలుతికే మిషన్లు ఉన్నాయి. కుట్టుమిషన్లు లేవు. ఊరంతా మాస్కులు కుట్టే పనిలో పడి, ఎన్నేళ్ళుగానో మూలపడ్డ మిషన్లని బయటికి లాగి, దుమ్ము కూడా దులపకుండా తొక్కి పాడుచేసి, మావయ్య షట్టరు ముందు దించి పోతున్న కాలమది. లోపల కూర్చుని బాగుచెయ్యొచ్చు. షట్టరు ఎత్తి ఇవ్వకూడదు. బాగుపడ్డ మిషన్లన్నీ గోడ పొడుగునా నిలబడి బయటికి పోయే రోజు కోసం ఎదురుచూసేవి. బడిపిల్లలకి మాస్కులు కుడుతున్న టీచరుగారి మిషను అందులో అన్నిటికంటే ముందుంది.

అనుమతి కావాలంటే కార్యాలయానికి ఫోను చెయ్యాలి. కార్యాలయం తలుపులు మూసేశారు కాబట్టి ఫోనే తలుపు. ఆ తలుపు వెనకాల ముందే రికార్డు చేసి పెట్టిన ఒక అమ్మాయి గొంతు, ఒక పియానో పాట.

"మీ ఫోను మాకెంతో ముఖ్యం. దయచేసి లైన్లో ఉండండి," అనేది గొంతు.

"ఉంటామమ్మా. ఎక్కడికి పోతాం?" అనేవాడు మావయ్య.

"ఏమండీ, అది మనిషి కాదు," అని అత్తయ్య.

"తెలుసోయ్. అంత మర్యాదగా చెబుతుంటే పలక్కుండా ఎలా?"

"నేను చెబితే పలుకుతున్నారా?"

"నా ఫోను నీకు ముఖ్యమని ఎప్పుడైనా అన్నావా?"

షాపులోది తీగ ఫోను. మిషన్ల రొదలో వినపడాలని మావయ్యే దాన్ని విప్పి ఏదో చేసి గొంతు పెంచాడు. దాంతో పియానో పాట కప్పు చీల్చుకుని పైకి వచ్చేది. పైన మేనకోడలు భోజనాల బల్ల మీద కంప్యూటరు పెట్టుకుని ఆఫీసు మీటింగుల్లో కూర్చునేది. ఒకరోజు ఆమె మేనేజరు లెక్కలు చెబుతూ చెబుతూ మధ్యలో ఆ పాట కూనిరాగం తీశాడు. తర్వాత ఎవరు మాట్లాడబోయినా ముందు అదే రాగం. ఇన్నేళ్ళయినా, ఏ బ్యాంకుకి ఫోను చేసి లైన్లో ఉన్నా, ఆమె ముక్కుకి మిషను నూనె వాసన తగులుతుంది.

వాళ్ళ పై అంతస్తులో మన భాష మాట్లాడే నర్సు ఒకామె ఉండేది. రాత్రంతా వార్డులో ఉండి, పొద్దెక్కాక ఇంటికి వచ్చేది. మాస్కు గీతలు ముఖం మీద అలాగే ఉండేవి. ఆమె అయిదేళ్ళ కూతురు సెలవులకని పొరుగుదేశంలో ఉన్న పెద్దమ్మ ఇంటికి వెళ్ళింది. వెళ్ళిన వారానికే సరిహద్దు మూసేశారు. ఇక పిల్ల అక్కడ, తల్లి ఇక్కడ.

"తలుపు ఎవరు మూశారు, తాళం ఎవరి దగ్గరుంది అని రోజూ అడుగుతోంది పిన్నీ," అంది ఒకసారి అత్తయ్యతో, దూరంగా మెట్ల మలుపులో నిలబడి నవ్వుతూ. నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

పిల్లని రానివ్వాలంటే అదే కార్యాలయం, అదే ఫోను. తల్లే స్వయంగా మాట్లాడాలి. వార్డులోకి ఫోను తీసుకుపోనివ్వరు. ఇంటికొచ్చి లైన్లో కూర్చుంటే, పాట వింటూ నిద్రలోకి జారిపోయేది. ఒకరోజు నిజంగానే గుమాస్తా పలికింది. ఈమె పలకలేదు. అవతల మనిషి మాట వినపడకపోతే లైను దానంతట అదే తెగిపోతుంది. మెలకువ వచ్చి, జరిగింది అర్థమై, ఆ రోజు నర్సు మళ్ళీ పడుకోకుండానే డ్యూటీకి వెళ్ళిపోయింది.

"మీ షాపు అనుమతి ఇంకా రాలేదా బాబాయిగారూ?" అని అడిగేది, పైకి వెళుతూ షాపు కిటికీ దగ్గర ఆగి.

"వస్తుందమ్మా. లైన్లోనే ఉన్నా."

"మీ ఓపికలో సగం నాకుంటే బావుండును."

"అన్నట్టు, రేపు డ్యూటీ ఎప్పుడు దిగుతావు?"

రోజూ ఇదే ప్రశ్న. అన్నట్టు తర్వాత మావయ్య ఏమడుగుతున్నాడో పట్టించుకునే అలవాటు ఆ ఇంట్లో ఎవరికీ లేదు.

ఒక్కసారి మాత్రం పాట ఆగింది. కింద మాటలు వినబడి మేనకోడలు పరుగున దిగేసరికి మావయ్య రిసీవరు చేత్తో పట్టుకుని దానికేసి చూస్తున్నాడు.

"ఏమైంది మావయ్యా?"

"లైను పోయింది."

"నీ లైనా? అవతలివాళ్ళు పెట్టేసినా నువ్వు పెట్టవుగా?"

"పోతుంది మరి, లైనన్నాక," అని మళ్ళీ నంబరు తిప్పాడు.

అత్తయ్య రెండు రోజులు అదే ఎత్తిపొడిచింది. మాట్లాడకూడనిచోట గంటలు గంటలు మాట్లాడి, తీరా మాట్లాడాల్సినచోట లైను పోగొట్టుకునే మనిషిని ఇంకెక్కడా చూడలేదంది. గోడవారన ఉన్న మిషన్ల మీద దుమ్ము తుడుస్తూ, పై ఇంటి నర్సమ్మాయి నిద్రపోయిందంటే అర్థముంది, మీకేమైంది అంది. మావయ్య టీచరుగారి మిషను అప్పటికే నాలుగోసారి విప్పాడు. అందులో బాగుచెయ్యడానికి ఇంకేమీ మిగల్లేదు. చేతులు ఊరికే ఉంటే తోచదు, అంతే.

మరుసటి వారం ఒక ఉదయం పాట మళ్ళీ ఆగింది. ఈసారి మేనకోడలు అక్కడే ఉంది. కాఫీ ఇవ్వబోతోంది.

"అనుమతుల కార్యాలయం. చెప్పండి," అంది ఒక ఆడగొంతు, షాపంతా వినపడేలా.

"నమస్కారమమ్మా. సరిహద్దు దగ్గర ఆగిపోయిన పాప విషయం."

"ఈ గొంతు... మీరు కుట్టుమిషన్లు కదూ? మీకు పోయినవారమే అనుమతి ఇచ్చేశాంగా. ఆవేళే చెప్పాను, ఒక ఫోనుకి ఒకటే విషయం, పాప గురించి తల్లే మాట్లాడాలని."

మెట్ల పైన గరిటెతో నిలబడ్డ అత్తయ్య ఆ మాట విని కిందికి దిగింది. "పోయినవారమే వచ్చిందా? మరి షట్టరు ఎత్తలేదేం?"

మావయ్య రిసీవరుకి అరచెయ్యి అడ్డం పెట్టాడు. "ఎత్తితే బేరాలొస్తాయి. బేరాలొస్తే ఫోను ఎవరు పట్టుకుంటారే?"

"ఆ నర్సమ్మాయికి ఒక మాట చెప్పచ్చుగా."

"ఆశపెట్టాక లైను దొరక్కపోతే?" అని చెయ్యి తీసి, "ఇదిగోనమ్మా, తల్లి వచ్చేస్తోంది. మెట్లు దిగుతోంది," అన్నాడు. ఆయన చూపు మేనకోడలి మీద ఉంది. కనుబొమ్మలు వీధికేసి ఎగిరాయి.

అప్పటికి మేనకోడలికి అర్థమైంది. రేపు డ్యూటీ ఎప్పుడు దిగుతావు అని రోజూ ఎందుకు అడిగాడో కూడా అర్థమైంది. మాస్కు పైనెక్కడో ఉంది. బల్ల మీది గుడ్డముక్క ముక్కుకి కట్టుకుని, ఇంటి చెప్పులతో, చేతిలో కాఫీ గ్లాసుతో, బయటికి వెళ్ళే కాగితమన్నది లేకుండా వీధిలో పడింది. అది మావయ్య మిషన్లు తుడిచే నూనెగుడ్డ అని రెండో ఊపిరికి తెలిసింది.

నర్సు బస్సు దిగి మూల మలుపు తిరుగుతోంది. నూనె మరకల ముసుగేసుకుని గ్లాసు ఊపుతూ పరిగెత్తుకొస్తున్న మనిషిని చూసి వెనక్కి రెండడుగులు వేసింది.

"అక్కా, నేనే. మావయ్య లైన్లో ఉన్నాడు."

"ఆయన ఎప్పుడు లేడు?"

"నీ లైన్లో అక్కా. పాప లైన్లో."

నర్సు సంచీ భుజం మీంచి జారింది. అది ఎత్తుకోకుండానే పరుగు తీసింది. సంచీ మేనకోడలు ఎత్తుకుంది. కాఫీ మాత్రం రోడ్డు పాలైంది.

ఈలోగా షాపులో జరిగింది తర్వాత ఎవరెన్నిసార్లు అడిగినా అత్తయ్య నటించి మరీ చూపించేది. తల్లి ఏదీ అంది గుమాస్తా. ఉన్నవి పాత మెట్లమ్మా, మెల్లగా దిగాలి అన్నాడు మావయ్య. ఇంకా రాలేదేం అంది. చాలా మెట్లమ్మా అన్నాడు. ఇక పెట్టేస్తానండీ అంది.

"అలాగేనమ్మా, పెట్టెయ్యండి, ఉంటాను మరి," అన్నాడు. ఒక ఊపిరి తీసుకున్నాడు. "అన్నట్టు, మీ వెనకాల పిల్లి అరుస్తోంది. ఆకలేమో చూడండి."

"పిల్లి లేదండీ. అది నా కుర్చీ. ఇంట్లోంచి పని చెయ్యమన్నప్పట్నించీ ఇదే గోల. మా ఆయన పక్కగదిలోకి మారిపోయాడు."

"కుర్చీయా? ముందే చెప్పారు కాదు. అదెంత పని, తిరగెయ్యండి."

"ఇప్పుడా?"

"తల్లి మెట్లు దిగేలోపు అయిపోతుంది."

నర్సు, ఆ వెనకే మేనకోడలు, రొప్పుతూ గుమ్మంలోకి వచ్చేసరికి, ఇటు మావయ్య నేలకేసి చూపుడువేలు గుండ్రంగా తిప్పుతూ, "ఆ మధ్యదే, ఎడమకి, ఇంకొంచెం. ఇంట్లో వంటనూనె ఉంటే ఒక్క చుక్క. ఒక్కటే సుమా, వేపుడు కాదు," అంటున్నాడు. అటువైపు గుమాస్తా నవ్వుతూ, కుర్చీతో పెనుగులాడుతూ ఉంది.

"వచ్చిందమ్మా, తల్లి వచ్చింది," అన్నాడు మావయ్య.

రిసీవరు భుజం మీంచి తీశాడు. చేతులకి రాసుకునే మందు గుడ్డ మీద పోసి, చెవివైపు తుడిచాడు, నోటివైపు తుడిచాడు, చుట్టలు చుట్టలుగా ఉన్న తీగ కూడా పొడుగునా తుడిచాడు. బల్ల చివర మెత్తటి గుడ్డ పరిచి దాని మీద పెట్టి, దూరంగా గోడవారకి జరిగి నిలబడ్డాడు. బాగైన ఏ మిషనైనా ఆయన ఇలాగే అప్పగిస్తాడు. అప్పుడనే మాటే అన్నాడు.

"చూసుకోమ్మా. నడుస్తోంది."

నర్సు రెండు చేతులతో రిసీవరు ఎత్తింది. పిల్ల పేరు చెప్పింది, పుట్టినరోజు చెప్పింది, అక్క ఇంటి చిరునామా చెబుతూ వీధి పేరు దగ్గర తడబడి మళ్ళీ మొదటినుంచి చెప్పింది. తర్వాత చాలాసేపు ఊఁ అంటూ వింది. షాపంతా వినపడుతున్నా, పిల్లని గురువారం సరిహద్దు దగ్గర అప్పగిస్తారని గుమాస్తా అన్నాక, అదే మాట వీళ్ళందరికీ మళ్ళీ చెప్పింది. అత్తయ్య గరిటె పట్టుకున్న చేత్తోనే కళ్ళు తుడుచుకుని, "ఉల్లిపాయలు," అంది. పొయ్యి మీద ఉన్నవి పాలు.

"బాబాయిగారూ," అని నర్సు రిసీవరు తుడిచి బల్ల మీద పెట్టింది. "ఆవిడ ఒకసారి మిమ్మల్ని పిలవమంటున్నారు."

మావయ్య రిసీవరు ఎత్తి చెవికీ భుజానికీ మధ్య పెట్టుకున్నాడు.

"ఇక ఉంటానండీ," అంది గుమాస్తా. "అన్నట్టు, కుర్చీ చప్పుడు పోయింది కానీ, చేతిలో ఒక స్క్రూ మిగిలింది. అదెక్కడిదంటారు?"

మావయ్య కాలితో స్టూలు దగ్గరికి లాక్కున్నాడు.

అత్తయ్య ఆయన్ని చూసింది. ఇది ఇప్పట్లో తెమిలేది కాదని తెలిసి, గరిటె మేనకోడలికిచ్చి, వెళ్ళి షట్టరు తనే ఎత్తింది. ఎన్నాళ్ళకో షాపులోకి ఎండ పడింది. కబురు చేశాక టీచరుగారు తోపుడుబండి తోసుకుంటూ, ఎడమ మోకాలు చూసుకుంటూ వచ్చారు. అత్తయ్యా మేనకోడలూ ఆవిడ మిషనుని గుమ్మం దాకా మోసుకొచ్చారు. అత్తయ్య దాని చక్రం ఒకసారి తిప్పి చూపించి, పక్కకి జరిగి నిలబడింది.

"చూసుకోండి టీచరుగారూ. నడుస్తోంది."