ఖాళీ కడుపుతో అంకిసకు

ఎనభై ఏడు కార్తీకంలో మా చెల్లె రాజవ్వ అంకిస నుంచి కబురు పంపింది: "ఆదివారం కొత్తలు. పొద్దు గూకకముందే రా అన్నా. ఏం తినకుండ రా."

వాళ్లింటి ఆనవాయితీ అది. కొత్త బియ్యం వండిన నాడు మొదటి ముద్ద దేవుడికి, రెండోది కోడలి అన్నకు. ఆయన మింగేదాకా ఇంట్లో ఎవరూ మెతుకు ముట్టరు. పొద్దు గూకిందా, మళ్లీ ఆదివారం దాకా ఆగాల్సిందే. పోయినేడు వాళ్ల పంటంతా గోదావరి పాలైంది. పిల్లలు ఏడాదంతా నూకల జావతోనే గడిపారు.

తెల్లవారకముందే బల్లార్షాలో బస్సెక్కాను. పదిన్నరకు అల్లపల్లి. స్టాండు పక్కన భజియాలు వేగుతున్నాయి. ఆ వాసన నా చొక్కా పట్టి గుంజితే రెండు గుండీలు తెగాయి. చాయ్ కూడా తాగకుండా సిరొంచ బస్సెక్కాను; అంకిస సిరొంచకు ఇంకా అవతల. మీరు మధ్యాహ్నం వెళితే ఎడమవైపు కూర్చోండి, నీడ ఉంటుంది.

నడి టేకు అడవిలో టైరు పేలింది. ఆ చప్పుడుకు జిల్లాలోని కోతులన్నీ నాగపూర్ చేరి ఉంటాయి. స్టెప్నీ దించారు. అది మాకంటే ముందే ప్రాణం విడిచింది.

పక్కసీటు అవ్వ మూట విప్పి జొన్నరొట్టె, మిరంకారం నా ముందు పెట్టింది. "తిను బిడ్డా."

"వద్దవ్వా."

"ఏంది, మా రొట్టె దొరకు నచ్చదా?"

సంగతి చెప్పాను. అవ్వ లేచి నిలబడింది. "ఓ డ్రైవర్ సాబ్! గీయన తింటెనే ఆడ పోరగాండ్లు తింటరంట! జర ఏదన్న బండి ఆపుండ్రి!"

అంకిస దాటి టేకు లోడుకు పోతున్న ఖాళీ లారీ ఒకటి వచ్చింది. బస్సులోని జనమంతా రోడ్డుకు అడ్డం నిలబడ్డారు.

"ఏంది లొల్లి? ఎవలన్న సచ్చిండ్రా?" అన్నాడు లారీ డ్రైవర్.

"సావలే. గీయన బువ్వ తినాలె," అంది అవ్వ.

అతను నా బొజ్జ వైపు చూశాడు. "గిది పస్తున్న కడుపా?" అంటూనే తలుపు తీశాడు.

అంకిసలో దిగేసరికి పొద్దు తాటిచెట్టంత ఎత్తున ఉంది. "పొద్దును తాడేసి కట్టేసిన అన్నా!" అంటూ చెల్లె ఎదురొచ్చింది. బావ దేవుడి ముందు ముద్ద పెట్టి, రెండోది నా చేతిలో పెట్టాడు. కూర లేదు, ఉప్పు లేదు. నలభై ఏళ్లుగా పూట తప్పకుండా తిన్నవాణ్ని, అన్నానికి రుచి ఉంటుందని ఆ సాయంత్రమే తెలిసింది.

ఎదురుగా వరుసగా కూర్చున్న పిల్లలు నా గొంతు వైపే చూస్తున్నారు. "మింగినవా మామా?" అంది చిన్నది.

"మింగిన బిడ్డా."

చేతులన్నీ ఒక్కసారే కంచాల్లో పడ్డాయి. బావ వాళ్లనే చూస్తూ నెమ్మదిగా అన్నాడు: "పోయినేడు నోటికొచ్చినట్టు తిట్టిన దేవుణ్ని, ఇగ ఏ మొకంతోని మొక్కాలె బావా?"

"బువ్వ తిన్న మొకంతోని మొక్కు," అన్నాను.

మర్నాడు మొదటి బస్సుకే తిరుగు ప్రయాణం. కోసిన మళ్ల మీద మంచు ఇంకా లేవలేదు. సిరొంచలో ఒక రైతు ఎక్కి నా పక్కన కూర్చున్నాడు. "తిన్నవా అన్నా?" అన్నాడు, మా వైపు ఎవరు ఎవరినైనా అడిగే మాటే. మామూలుగా అయితే 'ఆఁ' అనేసి కిటికీ వైపు తిరిగేవాణ్ని.

"తిన్న తమ్మీ. కడుపునిండ తిన్న. దేవుడు పెట్టిండు."

ఈ ప్రయాణం మొత్తంలో పిసరంత కూడా పెంచకుండా నేను చెప్పిన మాట అదొక్కటే.