ఉప్పు కడిగిన నేల

మా నాయనమ్మ ఏ ఊరు వెళ్లినా ముందు అక్కడి నీళ్లలో వేలు ముంచి నాలుక మీద పెట్టుకునేది. విజయవాడలో మా ఫ్లాట్‌కు వచ్చినప్పుడూ కుళాయి దగ్గర అదే పని. కళ్లు మూసుకుని, ఎక్కడో దూరాన వినిపిస్తున్నదేదో వింటున్నట్టు కాసేపు నిలబడిపోయేది.

దివిసీమలో, సముద్రానికి దగ్గరగా ఉన్న ఉప్పునేలలో మొదటి గుడిసె వేసింది ఆమె తండ్రి. అప్పటికి ఆమె ఇంకా తప్పటడుగుల పిల్ల. కాలవ నీళ్లు నిలబెట్టి, తీసేసి, మళ్లీ పెట్టి, ఆయన ఏళ్ల తరబడి ఆ నేలలోని ఉప్పు కడిగాడు. ఆమె తొంభై ఏళ్ల జీవితమంతా ఆ నేల మీదే గడిచింది.

ఒక వేసవిలో, రొయ్యల చెరువులు తవ్వడానికి ఆ పొలం లీజుకు ఇమ్మంటూ ఒకాయన కాగితాలతో వచ్చాడు. వరి సాగుతో విసిగిపోయి ఉన్న నాన్న సరేనన్నాడు. పొలం మాత్రం నాయనమ్మ పేరున ఉంది. ఆమె పక్కవాళ్ల రొయ్యల చెరువు దాకా నడిచి వెళ్లి, నీళ్లు రుచి చూసి వచ్చింది.

"మా నాన్న కడిగేసిన ఉప్పేరా ఇది. మళ్లీ తెచ్చి పోస్తానంటే నేను వేలిముద్ర వెయ్యను," అంది నాన్నతో.

నాన్న కాగితాలు మడిచి ఆ లీజు మనిషి చేతిలో పెట్టాడు. "వద్దులెండి, వరే వేసుకుంటాం," అని ఆయన్ని పంపేశాడు.

ఆ సాయంత్రం నా భుజం పట్టుకుని గట్టు మీద నడుస్తూ, నిద్రలో మాట్లాడుతున్నట్టు నాయనమ్మ అంది: "ఇక్కడ మొదటిసారి వరి ఈనిన రోజు మా అమ్మ చేలో కూర్చుని ఏడ్చిందే. ఆకలేస్తోందేమో అనుకుని, నా చేతిలో ఉన్న బెల్లం ముక్క తన నోట్లో పెట్టాను."