తాత పోసిన కొండ

బంగారు గనులున్న ఆండర్సన్‌పేట బడిలో నేను టీచరుగా చేరిన కొత్త. మాది నంగలి, పొలాల ఊరు. రెండో తరగతి పిల్లల్ని "మన ఊరి కొండ గీయండి" అన్నాను. సరిత ఒక్క చెట్టూ లేకుండా కొండంతా బూడిదరంగు పూసింది.

"కొండంటే పచ్చగా ఉండాల గదమ్మా!" అని విసుక్కొని, దానిమీదే పచ్చరంగు రుద్దేసినాను.

ఆ పిల్ల కళ్లనీళ్లతో నా కొంగు పట్టుకొని కిటికీ దగ్గరికి లాక్కొని పోయింది. ఎదురుగా గనిమట్టి దిబ్బ, అచ్చం బూడిదరంగే.

"మా తాతవాళ్లు గనిలోనుంచి తీసి పోసిన కొండ మిస్ అది. చెట్లు యాడుండాయి?"

నాకు తల కొట్టేసినట్టయింది. "తప్పు నాదేనమ్మా" అని కొత్త కాగితం ఇచ్చినాను.

ఈమారు కొండ పక్కన తాతని కూడా గీసింది. కొండకంటే తాతే పెద్దగా ఉన్నాడు. నేను దిద్దలేదు.