చివరి వరసలో ఆయన

మా బాబాయికి దెయ్యమంటే భయం లేదు, మర్యాద. బాబాయ్ కాపలా కాసే నేలమాళిగ హాల్లో చివరి వరస మూలన ఓ కుర్చీ ఉంది. అందులో ఎవరైనా కూర్చోబోతే చాలు, ఎక్కడున్నా పరిగెత్తుకొచ్చేవాడు.

"లేవండి బాబూ, అది ఆయనది!"

"ఎవరిది?"

"కనిపిస్తే చెప్పనూ!"

హాల్లో ఫోన్ మోగితే ఆయనకి నచ్చదు. చెప్పులు టపటపలాడిస్తే ఆయనకి నచ్చదు. ఇంట్లో పిన్ని కూరలో ఉప్పెక్కువేసినా ఆయనకే నచ్చదు. "ఆయన మనింటికి భోజనానికి ఎప్పుడొచ్చాడు?" అని పిన్ని గరిటె ఎత్తేది.

ఆ హాల్లోనే మా బ్యాండ్ పుట్టింది. మా బ్యాండ్ అంటే నేను వాయించి చచ్చిందేమీ లేదు, వినేదాన్ని. పాడేది పక్కింటి అక్క. గిటార్లూ డ్రమ్సూ ఆవిడ కాలేజీ స్నేహితులవి. అప్పటికి నేను ఆరో తరగతి. వాళ్లు సినిమా పాటలు పాడరు, అన్నీ సొంత పాటలే. అందుకే మొదటిసారి వినడానికి వచ్చింది నేనూ, గిటారబ్బాయి వాళ్లమ్మా, దారి తప్పొచ్చిన ఓ ముసలాయనా.

మొదటి పాట అయిపోయింది. ఎవరూ కదల్లేదు. అక్క కళ్లలో నీళ్లు తిరిగాయి. అప్పుడు వెనక చీకట్లోంచి వినిపించాయి చప్పట్లు. టప్... టప్... టప్. నింపాదిగా, తడిబట్ట బండకేసి కొట్టినట్టు. లైట్లు వేసి చూస్తే కుర్చీ ఖాళీ.

"విన్నారా! ఆయనకి నచ్చింది!" అంటూ ఎక్కణ్నుంచో ఊడిపడ్డాడు బాబాయ్.

ఇక అదే ఆచారమైపోయింది. కొత్త పాటకి ఆయన చప్పట్లు పడితేనే ఉంచుతారు. నేను కాలేజీకొచ్చాను, డ్రమ్స్ వాయించే అతనికి బట్టతలొచ్చింది, హాలు జనంతో నిండింది. అయినా ముందు ఆయన కొట్టేదాకా ఎవరూ చెయ్యి కదపరు.

ఓసారి మంచినీళ్లకని లేచి వెనక్కి వెళితే, ఆ కుర్చీలో నల్ల దుప్పటి ముసుగేసుకుని ఎవరో ఉన్నారు. మెల్లగా వంగి చూశాను. దుప్పటి కింద బాబాయ్ పాత చెప్పులు!

"ష్! మనుషులు కొడితే మొహమాటానికి అనుకుంటారే. దెయ్యానికి మొహమాటం దేనికి?" అన్నాడు.

నాకు ఒక్కసారిగా బాబాయ్ మీద ప్రేమ పొంగుకొచ్చింది. ఎవరికీ చెప్పలేదు.

పోయినేడాది అక్కకి గొంతు ఆపరేషనయింది. కోలుకున్నాక గొంతు బొంగురుపోయింది. "బాగుందని అందరూ జాలికి అంటున్నారు. ఆయన కొడితే పాడతాను. కొట్టకపోతే ఇదే ఆఖరు" అంది. సరిగ్గా ఆ వారమే బాబాయ్ బల్బు మారుస్తూ నిచ్చెన మీంచి పడ్డాడు. రెండు చేతులకీ పిండికట్టు.

పాట చివరికొచ్చేసరికి తలుపు దగ్గర నా పక్కన నిలబడ్డ బాబాయ్ కట్టు చేత్తోనే నన్ను ముందుకు తోశాడు. "పరిగెత్తవే! నువ్వు కొట్టు!"

జనాన్ని తోసుకుంటూ వెళ్లాను. సగం దూరంలో ఇరుక్కుపోయాను. పాట ఆగింది. హాలంతా ఊపిరి బిగబట్టింది. అక్క చీకట్లోకి చూస్తోంది.

టప్... టప్... టప్.

కుర్చీ ఖాళీ. దాని చుట్టుపక్కల నరపురుగన్నది లేదు. హాలు హోరెత్తిపోయింది. అక్క ఏడుస్తూ నవ్వుతూ రెండో పాట అందుకుంది. నేను మాత్రం కుర్చీ వంకే చూస్తూ వెనక్కి అడుగులేశాను.

"భలే కొట్టావే, అచ్చం నాలాగే!" అన్నాడు బాబాయ్, నేను వెనక్కి రాగానే.

"నేను అక్కడిదాకా వెళ్లనేలేదు బాబాయ్."

బాబాయ్ తన కట్లు చూసుకున్నాడు. కుర్చీ వంక చూశాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. పడిపోతాడేమోనని భుజం పట్టుకున్నాను.

"అయ్యయ్యో! ఇన్నేళ్లూ ఆయన కుర్చీలో నేను కూర్చున్నానే! పాపం, నిలబడే విన్నాడన్నమాట!"

మర్నాడు పిన్ని తన మెత్తటి దిండు కోసం ఇల్లంతా వెతికింది.

"ఆయనకీ..." అని నసిగాడు బాబాయ్.