దూడల సర్దార్ కొసరు బేరం

సౌదీలో అల్ ఖర్జ్ దగ్గర పాల ఫారంలో పదిహేడేళ్లు పనిచేసిన సర్దార్ అక్కడ ఒక్క పూట కూడా పాలు పితకలేదంటే మీరు నమ్మరు. ఆయనది దూడల షెడ్డు. పుట్టిన కాసేపటికే దూడ ఆయన చేతికొస్తుంది. సీసాతో పాలు పట్టి, జ్వరం చూసి, ఎండకు నీళ్లు చల్లి పెంచుతాడు. పేర్లు పెట్టొద్దని సూపర్‌వైజర్ చెవిలో ఇల్లు కట్టుకుని పోరినా ప్రతిదానికీ ఓ పేరు పెడతాడు. అది ఏపుగా ఎదిగి, ఈని, పాలిచ్చే వేళకు వేరే షెడ్డుకు వెళ్లిపోతుంది. రాయచోటి నుంచి వచ్చిన ఈ మనిషికి అందుకు బాధేమీ లేదు. మర్నాటికి ఇంకో దూడ వస్తుంది కదా!

ఈ గుణమే ఆయన ఫుట్‌బాల్ టీముకూ పట్టుకుంది. కాలితో ఆడే ఫుట్‌బాల్ కాదు లెండి, ఫోన్లో ఆడేది. నిజంగా మైదానంలో ఆడేవాళ్లలోంచి ఓ పదిహేను మందిని ఎంచుకోవాలి. వాళ్లు అక్కడ గోల్ కొడితే ఇక్కడ మనకు పాయింట్లు. లోకమంతా ఏడాదికోసారి టీము చెరిపేసి కొత్తది కట్టుకుంటుంది. వీళ్ల క్యాంపులో అలా కాదు. ఒకసారి తీసుకున్న ఆటగాడు ఆట మానేదాకా నీవాడే. వద్దనుకుంటే ఇంకొకరితో మార్పిడి చేసుకోవాలి. డబ్బు మాటే రాకూడదు. మెస్సు వంటమాస్టరు లింబాద్రి దీన్ని మొదలుపెట్టి 'ఖాందాన్ లీగ్' అని పేరు పెట్టాడు. టీములు ఎనిమిదే. ఇఖామా, అంటే అక్కడ ఉండేందుకు పర్మిట్, ఉన్నవాళ్లకే టీము. ఎవరైనా ఫైనల్ ఎగ్జిట్ కొట్టించుకుని దేశం వెళ్లిపోతుంటే, వరుసలో కాచుకున్నవాళ్లకు ఆ టీము అప్పగించాలి. గెలిచినవాళ్లకు బహుమతి, మెస్సులో అరమీద పెట్టిన స్టీలు పాల క్యాను. మనవాళ్లు ఇంట్లో గిన్నెల మీద చెక్కించుకుంటారే, అలా దాని మీద పేరు చెక్కిస్తారు.

ఎనిమిదేళ్లయింది. క్యాను మీద సర్దార్ పేరు లేదు. ఐటీలో పనిచేసే తెనాలి హేమసుందర్ పేరు మూడుసార్లు ఉంది, అందులో చివరిది నిరుడే. అసలు కడుపుమంట ఏమిటంటే, ఈమధ్య గెలిచినవాళ్లందరూ సర్దార్ పెంచిన కుర్రాళ్లతోనే గెలిచారు. పదహారు, పదిహేడేళ్ల పిల్లల పేర్లు ఎక్కడెక్కడి నుంచో ఏరుకొస్తాడు. నాలుగేళ్లు ఓపిక పడతాడు. తీరా వాడు గోల్స్ కొట్టే వయసుకు రాగానే, ఒకడినిచ్చి ఇద్దరు పసివాళ్లను తెచ్చుకుంటాడు. "ఇద్దరొస్తాండారు కదప్పా!" అని సంబరం! ఇలాంటి మనిషిని ఏమనాలి చెప్పండి? లింబాద్రి మాత్రం మొహం మీదే అనేసేవాడు. "నువ్వు పెంచుతవ్, వాళ్లు పిండుకుంటరు. జర అక్కల్ తెచ్చుకో సర్దారన్నా."

ఈ ఏడు సంగతి వేరు. మే నెలలో సర్దార్ ఫైనల్ ఎగ్జిట్. భార్య జైతూన్ బీ రాయచోటిలో మూడు గేదెలు కొని, కొట్టం వేయించి కూర్చుంది. వెళ్లడం ఆయనకూ సంతోషమే. కానీ ఆ క్యాను మీద పేరు పడకుండా పోవడమంటే మనసొప్పడం లేదు. భోజనానికి వెళ్లినప్పుడల్లా కళ్లు దాని మీదకే పోయేవి. పదిహేడేళ్లు ఇక్కడున్నట్టు ఏదో ఒకచోట రాసి ఉండాలనిపించేది.

జనవరి ఆఖరు శుక్రవారం మార్పిళ్లకు గడువు. ఆ మధ్యాహ్నం మెస్సులో హేమసుందర్ ప్లేటు పట్టుకుని వచ్చి ఆయన ఎదురుగా కూర్చున్నాడు.

"సర్దార్ గారూ, మీ ముసాద్‌ని నాకిచ్చేయండి. నా హమ్దాన్‌ని మీరు తీసుకోండి."

సర్దార్ చేతిలోని ముద్దను ప్లేటులో పెట్టేశాడు. ముసాద్‌కు ఇరవై ఏళ్లు. పదహారేళ్ల పిల్లాడిగా ఉన్నప్పుడు ఎవరూ పేరు కూడా వినలేదు. అప్పటి నుంచీ కదిలించకుండా ఉంచుకున్నాడు. ఇంకో రెండేళ్లలో సౌదీలో వాడిని మించినవాడు ఉండడు. హమ్దాన్‌కు ముప్పై అయిదు. ఈ ఏడాది వారం తప్పకుండా గోల్ కొడుతున్నాడు గానీ, వచ్చే ఏడాదికి ఆ మోకాళ్లు ఉంటాయో ఊడతాయో. హమ్దాన్‌ను తీసుకుంటే ఈసారి క్యాను మీద పేరు పడొచ్చు. కానీ తన తర్వాత టీము చేతికొచ్చేవాళ్లకు మిగిలేది ముసలి మోకాళ్లే.

ఆ వచ్చేది నమ్రత. పశువుల ల్యాబులో దూడల రక్తం పరీక్షలు చేసే కరీంనగర్ అమ్మాయి. టీము కోసం రెండేళ్లుగా వరుసలో ఉంది. సర్దార్ సగం తిన్న అన్నం వదిలేసి, అప్పుడే చెయ్యి కడుక్కుంటున్న ఆ పిల్ల దగ్గరకు వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాడు.

"నా పేరు కోసరం నీ టీము పాడు చేసినట్టయితాదమ్మా. నువ్వు వద్దంటే వద్దు."

నమ్రత పకపకా నవ్వింది. "ఎన్మిదేండ్ల సంది అందరికీ పెంచి ఇచ్చినవ్ అన్నా. ఒక్కసారన్న నీ కోసం ఆడు. దూడలను పెంచుడు నాకు రాదా ఏంది? నీ దగ్గరనే చూసి నేర్చుకున్న."

 సర్దార్ ఆ పిల్ల తల మీద చెయ్యి పెట్టి తిరిగొచ్చాడు. హేమసుందర్ ముందు కూర్చుని "సరే, ఇచ్చినా" అన్నాడు. హేమసుందర్ సంబరంగా ఫోను తీశాడు.

"ఉండప్పా! మరి కొసరేదీ?"

"కొసరేంటండీ బాబూ! ఇదేమన్నా వంకాయల బేరమా?"

"వంకాయలకే కొసరుంటే, నా ముసాద్‌కు లేకుండా ఎట్ల పోతాది? కొసరు లేని బేరం మా ఇంటావంటా లేదు."

మెస్సంతా గొల్లుమంది. హేమసుందర్ లిస్టులో అట్టడుగున జాబిర్ అని ఒకడున్నాడు. పదిహేడేళ్లు. హమ్దాన్ ఆడే జట్టులోనే బెంచీ మీద కూర్చుంటాడు. ఇంతవరకు ఒక్క నిమిషం కూడా ఆడలేదు. ఆ పేరు మీదే సర్దార్ వేలు పెట్టాడు. "తీసుకోండి మహాప్రభో, తీసుకోండి" అంటూ హేమసుందర్ దండం పెట్టేశాడు. లింబాద్రి తల కొట్టుకున్నాడు. "గెల్వుమంటే మల్లా దూడనే పట్టుకచ్చిండు!"

హమ్దాన్ మాట నిలబెట్టాడు. ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్, వారం వారం గోల్స్. దూడలకు పాలు పడుతూ సర్దార్ పాటలు మొదలుపెట్టాడు. ఆఖరి రోజుకు హేమసుందర్ కన్నా ఆరు పాయింట్లు ముందున్నాడు. ఇంక ఆడాల్సినవాళ్లు అటు ముసాద్, ఇటు హమ్దాన్ మాత్రమే. చెరి సమానమైతే మాత్రం నిరుడు గెలిచినవాడిదే క్యాను, అదీ లింబాద్రి పెట్టిన రూలే.

ఆ సాయంత్రం అయిదింటికి ముసాద్ ఆట. మెస్సు టీవీ ముందు అందరూ చేరారు. ముసాద్ ముగ్గురిని తప్పించుకుని ఎడమకాలితో కొట్టిన బంతి వలలో పడింది. "శభాష్ రా నా బంగారుకొండా!" అని సర్దార్ కుర్చీ మీదికెక్కి చప్పట్లు కొట్టాడు. గదిలో ఆయనొక్కడే! హేమసుందర్ కూడా కొట్టలేదు, ఆయన్నే చూస్తూ ఉండిపోయాడు. అప్పటికి గుర్తొచ్చింది సర్దార్‌కు, ముసాద్ ఇప్పుడు తనవాడు కాడని. మెల్లగా కిందికి దిగాడు. ఆట ముగిసేసరికి ముసాద్ హేమసుందర్‌కు సరిగ్గా ఆరు పాయింట్లు తెచ్చిపెట్టాడు. ఇద్దరూ సమానం.

"ఏం ఫికర్ లేదు" అన్నాడు లింబాద్రి. "హమ్దాన్ గ్రౌండుల అడుగు పెడితే చాలు, ఒక పాయింటు. గెల్సినట్టే."

ఏడింటికి హమ్దాన్ ఆట. మొదలవకముందే, ఒళ్లు వేడెక్కడానికి పరుగెత్తుతుంటే, అతనికి పిక్క పట్టేసింది. కుంటుకుంటూ లోపలికి వెళ్లిపోయాడు. సర్దార్ టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. ఆ వారం ఆడించేందుకు ఎంచుకున్నవాడు దిగకపోతే, మనం పక్కన పెట్టిన బెంచీలో మొదటివాడి పాయింట్లు లెక్కకొస్తాయి. సర్దార్ బెంచీలో మొదటివాడు ఎవరనుకున్నారు? కొసరు జాబిర్. అలా పెట్టినందుకు వారమంతా అందరూ ఏడిపించారు కూడా.

పిల్లాడు అక్కడా బెంచీ మీదే ఉన్నాడు. డెబ్భై నిమిషాలు. ఎనభై. సర్దార్ టీవీ వైపు చూడటం మానేసి గోడ వైపు తిరిగాడు. ఎనభై తొమ్మిదో నిమిషంలో నమ్రత కేక పెట్టింది. "అన్నా, లేస్తుండు! షర్టు ఇప్పుతుండు!"

జాబిర్ మైదానంలోకి దిగాడు. బంతి కాలికి తగల్లేదు. తగలాల్సిన పనీ లేదు. అడుగు పెట్టినందుకే ఒక పాయింటు. క్యాంపు దద్దరిల్లింది. హేమసుందర్ పరుగున వచ్చి సర్దార్‌ను ఎత్తి పట్టుకుని "నా కొంప ముంచింది మీ కొసరేనండీ!" అని అరిచాడు. సర్దార్ ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో ఆయనకే తెలియలేదు.

ప్రయాణం రోజున క్యాను మీద పేరు తడిమి చూసుకున్నాడు. అది మెస్సు దాటి పోకూడదు కాబట్టి ఫోటో తీసుకుని సరిపెట్టుకున్నాడు. బండెక్కబోతుంటే నమ్రత ఒక చిన్న పొట్లం చేతిలో పెట్టింది. లోపల స్టీలు గ్లాసు, దాని మీద కూడా 'సర్దార్' అని చెక్కి ఉంది.

"సూక్ బజార్ల మహబూబ్ సుభాని దుకాణంల క్యాను మీద నీ పేరు చెక్కిచ్చినం గదా. క్యానుకు కొసరు ఏదని అడిగిన. ఇచ్చిండు" అంది.

రాయచోటికి వచ్చిన మూడోనాడు సర్దార్ పదిహేడేళ్లకు మొదటిసారి గేదె పొదుగు కింద కూర్చున్నాడు. వేళ్లు మరిచిపోయాయేమోనని భయపడ్డాడు గానీ, మరవలేదు. ఆ మొదటి పాలే కాచి, జైతూన్ బీ ఆ గ్లాసులో పోసి తెచ్చింది. పేరు మీద వేలు పెట్టి చదివి, "ఇన్నేండ్లూ నువ్వు సంపాదించింది ఈ గలాసేనా?" అని నవ్వింది.

అంతలో ఫోను మోగింది. నమ్రత.

"అన్నా, హేమసుందర్ సార్ జాబిర్‌ను అడుగుతుండు. పదహారేండ్ల పోరలు ఇద్దరినిస్తడట. ఏం చెయ్యాలె?"

ఇద్దరు! సర్దార్ నోట్లో నీళ్లూరాయి. ఇవ్వమనాలని ఉంది, ఇవ్వొద్దనాలనీ ఉంది. పాలగ్లాసు పైకెత్తి ఒక గుక్క తాగాడు.

"టీము నీది తల్లీ, నీ ఇష్టం" అన్నాడు చివరికి. "ఇచ్చేదైతే మాత్రం కొసరు అడగడం మర్చిపోవద్దు."