పళ్ళెంలో నీళ్ళు, సీసాలో చక్కెర ఉంగరాలు

కవలల మహాసంగ్రామం ఒకటి చెబుతాను వినండి. రూపం ఒకటే, గుణం వేరు. వాళ్ళను విడదీయడానికి మెరుపునే పిలవాల్సి వచ్చింది. మరీ అంత సర్దుకుని కూర్చోకండి. ఆ మెరుపు కరెంటే. యుద్ధం జరిగింది రాజమండ్రిలో మా ల్యాబులో, బల్లమీద పట్టే యంత్రంలో.

కొన్ని మందుల అణువులు కుడిచెయ్యి, ఎడమచెయ్యిలా రెండు రకాలు. ఒకటి జబ్బు తగ్గిస్తుంది. రెండోది పెళ్ళికొచ్చిన తోడల్లుడిలా ఊరికే వెంట ఉంటుంది. వెంట్రుకంత గాజుగొట్టంలో కరెంటు పెట్టి పరిగెత్తిస్తే రెండూ కలిసే వచ్చేస్తాయి. అందుకని గొట్టంలోని ద్రావణంలో ఉంగరాల్లాంటి చక్కెర అణువుల పొడి కలుపుతాం. ఆ ఉంగరాలను ఎక్కువగా పట్టుకున్న రకం వెనకబడుతుంది. అప్పుడు తెరమీద రెండు శిఖరాలు విడివిడిగా కనిపిస్తాయి.

మా సీనియర్ అక్కకు వానలు మొదలయ్యాక ఆ రెండూ అతుక్కుపోయాయి. శుక్రవారంతో థీసిస్ గడువు సరి. గైడు మాస్టారేమో, “మధ్యలో గీత నేలకు దిగాలమ్మా, అప్పుడే సంతకం” అన్నారు. అక్క గొట్టం మార్చింది, వోల్టేజీ మార్చింది.

బుధవారం తెర చూసి అడిగాను. “ఏంటక్కా, మళ్ళీ ఒంటె మూపురాలేనా?”

“నీ దిష్టేరా. వాగకుండా ఆ పొడి తూచిపెట్టు.”

బీరువా తెరిచాను. స్టీలు పళ్ళెంలో నీళ్ళు, నీళ్ళ మధ్య సీసా, దానికి వదులు మూత. లోపల పొడి గడ్డకట్టి ఉంది.

“ఇదేంటక్కా?”

“చీమలు పట్టవూ? చక్కెర జాతని చెప్పింది నువ్వే కదరా!”

అక్కది తణుకు. వాళ్ళింట్లో సున్నుండల డబ్బాకు కూడా నీళ్ళ పళ్ళెమే కాపలా. పొడి ఆ తేమంతా తాగేసింది. మేం తూచినదాంట్లో కొంత ఉంగరాలు, కొంత నీళ్ళు. ఉంగరాలు చాలకే కవలలు విడిపోలేదు.

“ఒక్క చీమైనా వచ్చిందా?”

“రాలేదు. పనిచేసినట్టేగా!” అంటూనే అక్క కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నా నవ్వు నేనే మింగాను. చక్కెర మాట నాదే మరి.

పక్క డిపార్ట్‌మెంటును బతిమాలి విప్పని సీసా తెచ్చాను. గురువారం మధ్యాహ్నం రెండు శిఖరాలు లేచాయి, మధ్యలో గీత నేలను తాకింది. అక్క నా డొక్కలో మోచేత్తో ఒక్కటి పొడిచింది. మాస్టారు శుక్రవారం పొద్దున్నే సంతకం పెట్టేశారు.

సోమవారం అక్క ల్యాబుకు సున్నుండలు తెచ్చింది. ఈసారి పళ్ళెం పెట్టలేదు. చీమలు పట్టాయి.

ఆ పొడి సీసాను మూత గట్టిగా బిగించి, తడి లేనిచోట పెట్టాలి. సీసామీద రాసే ఉంటుంది.