బొట్టు పెట్టి పంపబోయిన రాయి

2023 దసరా నాటి మాట. విజయవాడ గవర్నర్‌పేట దగ్గర ఒక కాలేజీలో జియాలజీ మ్యూజియం నా చేతిలో ఉంది. మ్యూజియమంటే రెండు గదులు, గాజు బీరువాలు, వాటి నిండా ఫాసిల్స్. ఒకప్పుడు సముద్రంలో బతికి, మట్టిలో కూరుకుపోయి రాయిగా మారిన గుల్లలూ నత్తలూ అన్నమాట.

మా పేచీ అంతా ఒక్క రాయితోనే. గుప్పెడంత, లేత మట్టిరంగు. ద్వారకా తిరుమల వైపు బావి తవ్వుతుంటే దొరికిందని మా పాత లెక్చరర్ దేవదానం మాస్టారు తెచ్చారు. అది అమ్మోనైట్ అని, చుట్టగుల్లలో గదులు కట్టుకుని బతికిన ప్రాణి అని, పోయేదాకా వాదించారు. గది గోడ గుల్లను తాకేచోట పడే గీతను సూచర్ లైన్ అంటాం. అమ్మోనైట్‌కు గుర్తు అదే, కానీ ఈ రాయి మీద అది ఎవరికీ కనబడలేదు. బయటినుంచి వచ్చిన నిపుణుడు వట్టి మట్టిగడ్డ అని తేల్చేశాడు. ఇక తీసెయ్యక తప్పదు.

ఆ మాట తెలిసి పామర్రు నుంచి మాస్టారి భార్య ఎలిజబెత్ గారు ఫోన్ చేశారు. "పారెయ్యకమ్మా, నేనొచ్చి తీసుకెళ్తాను."

ఆవిడ వచ్చిన రోజే మా ఆయుధపూజ. అటెండర్ సుబ్బారావు మైక్రోస్కోపులకు బొట్లు పెట్టి, అదే ఊపులో మాస్టారి రాయికి పసుపు పట్టించేశాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. రాయికి పట్టిన పసుపు ఓ పట్టాన వదలదు.

"ఏంటయ్యా ఇది? ఆవిడ గుమ్మంలో ఉన్నారు."

"ఇన్నాళ్ళు మన దగ్గరుంది కదా మేడమ్. బొట్టు పెట్టి పంపుదామనండీ."

ఎలిజబెత్ గారు నవ్వేశారు. "మా ఆయన చర్చి పెద్ద. ఆయన రాయికి పసుపేంటి నాయనా?"

తడి దూదితో తుడవడం మొదలుపెట్టాను. పైపైన పసుపు పోయింది, సన్నటి గాడుల్లో మాత్రం నిలిచిపోయింది. కొత్తిమీర ఆకు అంచులా మెలికలు తిరిగిన గీత. దాని పక్కన ఇంకోటి. ఆ పక్కన మరోటి. ఇన్నేళ్ళ ఉద్యోగంలో అంత సంతోషం నాకెప్పుడూ కలగలేదు.

"అమ్మగారూ, గదులండీ. మాస్టారు చెప్పిన గదులు."

ఫోటో పంపగానే ఆ నిపుణుడే ఫోన్ చేసి, అమ్మోనైటేనని ఒప్పుకున్నాడు. ఎలిజబెత్ గారు కుర్చీ లాక్కుని కూర్చుని రాయిని చేతిలోకి తీసుకున్నారు. "నేనూ నమ్మలేదమ్మా. అన్నం చల్లారిపోతోంది, ఆ రాయి వదలండి అని కసిరేదాన్ని."

అప్పట్నుంచి నేను ఏ రాయినీ 'ఇందులో ఏమీ లేదు' అనను. 'నాకింకా కనబడలేదు' అంటాను.

రాయి కోసం తెచ్చుకున్న సంచీని ఆవిడ మడిచి ఒళ్ళో పెట్టుకున్నారు. "ఇక్కడే ఉండనీ. ఆయన పేరు మాత్రం పెద్దక్షరాలతో రాయి. ఆ పసుపు తుడవకు."